అనాసపండు, చీజు, ఓ పుల్ల - కాస్త చరిత్ర

ఈమధ్య ఋషికొండ వైపు ఆఫీసుల్లో పార్టీ అంటే ఒక ఐటమ్ తప్పనిసరి అయిపోయింది. వెదురు పుల్లకి ఓ చీజు ముక్క, ఓ అనాస ముక్క, ఓ ద్రాక్షపండు గుచ్చి ప్లేట్లో పెట్టేస్తారు. పొయ్యి వెలిగించే పనిలేదు, గిన్నెలు తోమే పనిలేదు. మనలాంటి బ్రహ్మచారులకి వరం అన్నమాట. మొన్నామధ్య మా ఫ్లోర్లో దీని మీద పెద్ద చర్చే నడిచింది. "ఇదేం తిండండీ, మనదేనా? శుభ్రంగా పులిహోర తేవచ్చు కదా" అని ఒక సీనియర్ గారి అభ్యంతరం. ఆయనంటే నాకు గౌరవమే, పులిహోరంటే ఇంకా ఎక్కువ గౌరవం. కానీ పులిహోరలో ఉండే ఎండుమిర్చీ, వేరుశెనగపప్పూ రెండూ అమెరికా ఖండాల నుంచి ఓడెక్కి వచ్చినవే. కాబట్టి "మనది", "మనది కాదు" అనే గీత ఎక్కడ గియ్యాలన్నది అంత తేలిక కాదు.

సరే, ముందు అనాస సంగతి చూద్దాం.

ఈ పండు పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడి తుపి భాషలో దీన్ని "ననస్" అనేవారు. పోర్చుగీసువాళ్ళు దాన్ని "అననాస్" చేశారు, మనం "అనాస" చేసుకున్నాం. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో గ్వాడలూప్ దీవిలో దీన్ని చూశాడు. తర్వాతి శతాబ్దంలోనే పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చేసింది. అక్బరు కాలం నాటి ఐనీ అక్బరీలో దీని ప్రస్తావన ఉంది. జహంగీరు తన ఆత్మకథలో, ఇది ఫిరంగుల రేవుల్లో పండే పండనీ, ఇప్పుడు ఆగ్రాలో తమ తోటలోనే ఏటా వేలల్లో కాస్తోందనీ గొప్పగా రాసుకున్నాడు. అంటే నాలుగొందల ఏళ్ళ కిందటే చక్రవర్తుల విందుల్లో ఉందన్నమాట.

మన విశాఖ వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదనుకోండి. సింహాచలం కొండ అనాస అంటే ఇక్కడ అదో బ్రాండు. అప్పన్న దర్శనం చేసుకుని దిగేటప్పుడు సంచిలో ఓ కాయ లేకుండా వచ్చే ఇల్లు తక్కువ. ఇంకా ఉత్తరానికెళ్తే సీతంపేట ఏజెన్సీలో (ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం) కొండవాలుల్లో గిరిజనులు ఎన్నో ఏళ్ళుగా పండిస్తున్నారు. ఈ మొక్కకో విశేషం ఉంది. ఆకుల్లోని రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుస్తుంది. అందుకని నీళ్ళు బాగా పొదుపు. ఏ నీటి వసతీ లేని కొండవాలు మీద, జీడిమామిడి చెట్ల నీడన కూడా బతికేస్తుంది. కాలవ నీళ్ళు ఎప్పుడూ చూడని నేలకి సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు చీజు. ఇక్కడ మనకి అసలు మాటే లేదు. "జున్ను" అనకండి, జున్ను వేరు. ఈనిన గేదె మొదటి రోజుల పాలల్లో ఉండే ప్రత్యేకమైన ప్రోటీన్ల వల్ల వేడి తగలగానే గడ్డకడుతుంది. బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద పెడతాం, ఇరుగుపొరుగుకి పంచుతాం. చీజు అలా కాదు. మామూలు పాలని రెన్నెట్ అనే ఎంజైముతో విరిచి, నీరు పిండి, ఉప్పేసి, నెలల తరబడి మాగబెట్టాలి.

మరి ఈ గందరగోళం ఎలా వచ్చిందా అని చూస్తే, అందులో మన ఊరికీ కొంత సంబంధం ఉంది! 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అని ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ సాయంతో సువార్తలు అనువదించడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఈ ప్రాంతంలోనే పోయారు. వాళ్ళు పోయాక 1812లో మూడు సువార్తలు శ్రీరాంపూర్లో అచ్చయ్యాయి. అలా ఇక్కడ మొదలైన పని తర్వాత ఎందరి చేతుల మీదుగానో సాగి, పాత నిబంధన కూడా తెలుగులోకి వచ్చింది. అందులో దావీదు సైన్యంలో ఉన్న అన్నల దగ్గరికి వెళ్తూ సేనాధిపతి కోసం పట్టుకెళ్ళే చీజు "జున్నుగడ్డలు" అయింది. అనువాదకులని తప్పుపట్టలేం. తెలుగువాడి వంటింట్లో లేని వస్తువుకి దగ్గర్లో ఉన్న మాట అదొక్కటే.

ఆ మాటకొస్తే చీజు తినేవాళ్ళు మన తీరంలో అంతకుముందే ఉన్నారు. భీమిలిలో డచ్చివాళ్ళు 17వ శతాబ్దం నుంచి 1825లో ఇంగ్లీషువాళ్ళకి అప్పగించే దాకా ఉన్నారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ చూడొచ్చు. డచ్చి ఓడల్లో ఈడమ్ లాంటి గట్టి చీజు ఉండటం మామూలే, నెలల ప్రయాణానికి తట్టుకునేది అదే కాబట్టి. అయినా అది కోట గోడ దాటి మన ఇళ్ళల్లోకి రాలేదు. నాకు తోచిన కారణాలు రెండు. ఒకటి వేడి, చెమట. మన వాతావరణంలో పాలని నిలవ చెయ్యాలంటే పెరుగు, వెన్న, నెయ్యి అనే దారి ఉండగా మాగబెట్టే నేలమాళిగలు ఎవడు కడతాడు? రెండోది, అప్పట్లో రెన్నెట్ దూడ కడుపులోంచి తీసేవారు. దూడకి పాలు మిగల్చడమే ధర్మం అనుకునే ఇంట్లో అది కుదిరే పనేనా?

ఈ రెండో ముడి విప్పింది సైన్సు. బూజు జాతి సూక్ష్మజీవుల నుంచి తీసే ఎంజైము వచ్చింది. 1990లో అమెరికా జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవులతో తయారయ్యే కైమోసిన్ ని అనుమతించింది. అందుకే ప్యాకెట్ మీద పచ్చచుక్క చూసి మా టీములో శాకాహారులు నిశ్చింతగా తింటున్నారు. (ఆ చుక్క సంగతి అడిగేవాళ్ళని చాదస్తులని నవ్వకండి, అది చాలా సరైన ప్రశ్న.)

మొదటి ముడి, అంటే వేడి, దాన్ని విప్పింది ప్రాసెస్డ్ చీజు. 1911లో స్విట్జర్లాండులో గెర్బర్, స్టెట్లర్ అనే ఇద్దరు చీజులో సిట్రేటు లవణం కలిపి కరిగించి, వేడి దేశాలకి పంపినా పాడవని రకం తయారుచేశారు. 1916లో అమెరికాలో క్రాఫ్ట్ తన పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఇక మన దేశంలో అసలు కథ ఆనంద్ లో జరిగింది. గేదెపాలతో పొడి కుదరదని విదేశీ నిపుణులు కొట్టిపారేస్తే, 1955లో దలాయా గారు చేసి చూపించారు. ఆ తర్వాత గేదెపాలతోనే చీజు కూడా వచ్చింది. ఇవాళ మనం పుల్లకి గుచ్చే ఆ చిన్న ఘనం వెనకాల ఇంత ఇంజనీరింగ్ ఉంది.

మరి పుల్ల? పుల్ల మనదే! ఈనెపుల్లలతో విస్తళ్ళు కుట్టిన జాతి మనది. ఉక్కు నగరం కదా, ఉక్కు చువ్వలు వాడొచ్చుగా అని ఒక మిత్రుడి సలహా. మన స్టీల్ ప్లాంటు తీసే సన్నటి వైరు రాడ్డే 5.5 మిల్లీమీటర్లు. ద్రాక్షపండు రెండు చెక్కలవుతుంది.

ఇంతకీ ఈ జోడీ ఎక్కడ కుదిరింది? బ్రిటన్ లో 1970ల పార్టీల్లో ఇదే ఫ్యాషను. చీజు, అనాస ముక్కల పుల్లల్ని ముళ్ళపందిలా గుచ్చి బల్ల మీద పెట్టేవారు. అక్కడ అనాస పండదు, కాబట్టి వాళ్ళు వాడింది డబ్బా అనాస. 1901లో హవాయిలో జేమ్స్ డోల్ కంపెనీ పెట్టాడు. 1911లో అతని ఉద్యోగి హెన్రీ జినాకా తొక్క తీసి, నడిమి దుంప తీసే యంత్రం కనిపెట్టాడు. దాంతో రాజుల పండు కిరాణా కొట్టు డబ్బాలోకి దిగింది.

డబ్బాకీ తాజా పండుకీ రుచిలోనే కాదు, రసాయనంలోనూ తేడా ఉంది. తాజా అనాసలో బ్రోమెలిన్ అనే ఎంజైము ప్రోటీన్లని కొరికేస్తుంది. అనాస ఎక్కువ తింటే నాలుక మండేదీ అందుకే. పాల పదార్థానికి తగిలి ఉంటే కాసేపటికి చేదెక్కుతుంది. డబ్బాలో పెట్టేముందు వేడి చేస్తారు కాబట్టి ఆ ఎంజైము చచ్చిపోతుంది. అందుకని ఇంటర్నెట్లో దొరికే విధానాలన్నీ "ముందురోజే గుచ్చి ఫ్రిజ్ లో పెట్టుకోండి" అంటాయి, అవి డబ్బా పండు లెక్కలు.

నాకు అసలు మండేది ఇక్కడే. ఆ విధానం చదివి మనవాళ్ళు సూపర్ మార్కెట్లో దిగుమతి డబ్బా కొంటున్నారు. ఇక్కడేమో జూన్, జులైల్లో సీతంపేట సంతలో పంటంతా ఒక్కసారి దిగుతుంది. ఆగే పండు కాదు, దాచే చోటు లేదు. సాయంత్రమయ్యేసరికి వ్యాపారి ఎంతంటే అంత. కాయ మొత్తానికి రైతుకి దక్కేది మన పార్టీలో ఒక్క పుల్ల ఖర్చంత కూడా ఉండని రోజులుంటాయి. కొండ దిగి నెత్తి మీద మోసుకొచ్చిన కాయని మళ్ళీ ఎవరూ పైకి మోసుకెళ్ళరు కదా, అందుకే ఆ ధరకి ఇచ్చేస్తారు. "మన తిండి కాదు" అని బాధపడే మా సీనియర్ గారితో నేనన్నది ఇదే. పుల్ల మీద చీజు గురించి కాదండీ, దాని పక్కనున్న డబ్బా గురించి గొడవ పడదాం రండి అని. ఆయన ఒప్పుకోలేదు. కాకపోతే ఈసారి అనాస తెచ్చే పని తనకే వదిలెయ్యమన్నారు.

మీరూ చేసుకోవాలంటే, కాయ అడుగున నొక్కి వాసన చూసి కొనండి. ముక్కలు వేరుగా, చీజు వేరుగా పట్టుకెళ్ళి, జనం వచ్చాకే గుచ్చండి. అనాస మీద కాస్త ఉప్పూ కారం చల్లండి, బీచ్ రోడ్డు బండివాడు మామిడికాయ మీద చల్లినట్టు. ద్రాక్ష దొరక్కపోతే జామకాయ.