మృగశబ్దము – మిరుగము

మృగమనగా లేడి యని చెప్పి విద్యార్థులను ముందునకు నడపుట పాఠశాలలలో వాడుక. అయ్యర్థము తరువాత వచ్చినది. ఋగ్వేదమున మృగశబ్దము వన్యజంతువును దెలుపును. ఏనుగును చేయిగల మృగమనుట యందు గలదు. మృగేంద్రుడు సింహము, శాఖామృగము కోతి. మృగయ యనగా వేట. వేటాడబడు వానిలో లేడి ముఖ్యమగుటచే జాతికి జెల్లు పేరు క్రమముగా దానికే దక్కినదని నా యభిప్రాయము.

జర్మానిక భాషలయందును నిట్టి కథయే జరిగినది. ఆంగ్లమున నేడు లేడికి పేరైన 'డీర్' ప్రాచీనాంగ్లమున వన్యజంతువుల కెల్ల జెల్లెడిది. దాని తోబుట్టువులైన జర్మను 'టీర్', డచ్చి 'దీర్' నేటికిని జంతుమాత్రమునే చెప్పుచున్నవి. ఇంగ్లండున 1066 పిమ్మట నార్మను రాజులు లేడివేటను దమకు బ్రత్యేకించుకొని కఠినశాసనములు చేసిరి. ఫ్రెంచినుండి 'బీస్టు', లాటినునుండి 'ఆనిమల్' వచ్చి పాతపదము చోటాక్రమించెను. మనవైపును నిట్లే. తమిళ మలయాళములలో మృగమనగా జంతువే. తెనుగున క్రూరమృగ మందుము, మృగనయన యనియు నందుము. కావ్యములలోని 'మెకము' మాత్రము పాతయర్థమునే కాపాడినది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల రైతుల నోట మూడవరూప మొకటి గలదు. 2016లో జగిత్యాల, సిరిసిల్లలు వేఱువేఱు జిల్లాలకు ముఖ్యపట్టణము లయ్యెను గాని, పలుకుబడి పూర్వపు కరీంనగరము జిల్లాదే. అచ్చట మిరుగమనగా తొలకరి కార్తె. సూర్యుడు జూన్ 7, 8 తేదీల ప్రాంతమున మృగశిరయందు బ్రవేశించును. ఆ పేరిలోని శిరస్సు రాలి మృగము మిగిలినది. రోహిణి యెండలు తగ్గి విత్తనములు చల్లుకాల మది. ఆనాడు చేపలు తినుట తెలంగాణమంతట ఆచారము. మరాఠీయందును 'మిరగ' శబ్ద మీ యర్థముననే గలదు.

మఱొక చుట్టమును జెప్పవలయును. అవెస్తా భాషలో నీ మూలమునకే చెందిన పదము పక్షికి బేరు. పారసీకమున 'ముర్గ్', ఉరుదూలో 'ముర్గీ' యనగా కోడి. కోరుట్ల యంగడిలో ముర్గీకి బేరమాడువాడును, మిరుగమునకై మబ్బు జూచు రైతును దాము పలుకునది యొక్క పదమే యని యెఱుగరు.

బాలుడు మిరుగమని వ్రాసినచో ఎఱ్ఱసిరాతో గొట్టివేసి మృగశిర యని దిద్దు పండితులు గలరు. మెకమునకు గల గౌరవము మిరుగమునకు లేకుండుటకు వ్యాకరణహేతువు గానరాదు; రెండును మృగశబ్ద వికృతులే. ఒకటి కావ్యమున జేరినది, ఒకటి చేనిగట్టున నిలిచినది. దిద్దుటచే నక్షత్రము మిగులును, తొలకరి పోవును. కావున నిఘంటుకర్తలు దీనిని మృగశబ్దము క్రింద నపభ్రంశముగా జూపక, తొలకరి కార్తె యను నర్థముతో బ్రత్యేకముగా నెక్కింపవలయును.