బటన్ ఢిల్లీలో, లెక్క కోలారులో

1999 ఏప్రిల్ 17, శనివారం. లోక్‌సభలో డివిజన్ గంట మోగింది. లాబీలు ఖాళీ చేయించి తలుపులు వేసేశారు. స్పీకర్ స్థానంలో మన అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి. ఎదురుగా పదమూడు నెలల వాజ్‌పేయి ప్రభుత్వం ప్రాణాలు అరచేత పట్టుకుని కూర్చుంది. జయలలిత అప్పటికే మద్దతు ఉపసంహరించుకున్నారు. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవి వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటు వేయడానికి వచ్చేశారు.

ఆకుపచ్చ బటన్ అంటే ‘అవును’. ఎర్ర బటన్ అంటే ‘కాదు’. క్షణాలు గడిచాయి. గోడ మీది బోర్డులో అంకెలు నిలిచాయి: విశ్వాస తీర్మానానికి అనుకూలం 269, వ్యతిరేకం 270.

ఒక్క ఓటుతో ప్రభుత్వం కూలింది. అందరూ గమాంగ్ పేరే చెప్పుకున్నారు. నిజానికి ఆ 270లో ఏ ఒక్కటి తగ్గినా కథ మారేది. ఆనాటి కాంగ్రెస్ బలగంలో ఒకరు కోలారు సభ్యుడు కె.హెచ్. మునియప్ప. అప్పటికి ఆయన వరసగా మూడోసారి ఎంపీ. ఇంకా నాలుగు గెలుపులు ముందున్నాయి.

కంబదహళ్లి నుంచి ఢిల్లీకి

మునియప్పది శిడ్లఘట్ట తాలూకా కంబదహళ్లి. 1948లో పుట్టారు. చదివింది లా. కోలారు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. బంగారు గనుల కేజీఎఫ్ పట్నంలో అరవం, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు పల్లెల్లో తెలుగు, ఆఫీసుల్లో కన్నడం. ఓటు అడగాలంటే మూడు భాషలూ కావాలి.

ఈ గడ్డ పెద్దవాళ్లను పంపిన గడ్డే. మైసూరు రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి, క్యాసంబళ్లి చెంగలరాయరెడ్డి 1957లో ఇక్కడి నుంచే లోక్‌సభకు వెళ్లారు. ఆ తరవాత జి.వై. కృష్ణన్ 1967 నుంచి 1980 దాకా నాలుగు ఎన్నికలు గెలిచారు. 1991లో మునియప్ప వచ్చాక ఆ రికార్డూ చెరిగిపోయింది. 1991, 1996, 1998, 1999, 2004, 2009, 2014. ఏడు ఎన్నికలు, ఏడు గెలుపులు.

విప్ చేతిలో వేలు

తొలి విడతలోనే గట్టి పరీక్ష వచ్చింది. 1993 జులై 28న పి.వి. నరసింహారావు ప్రభుత్వం మీద అవిశ్వాసం. తీర్మానానికి 251 ఓట్లు, ఎదురు 265. పద్నాలుగు ఓట్ల తేడాతో తెలుగు ప్రధాని గట్టెక్కారు. ఆ గట్టెక్కడం వెనక ఝార్ఖండ్ ముక్తి మోర్చా (జేఎంఎం) ఎంపీలకు ముడుపులిచ్చారన్న కేసు ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది.

2008 జులై 22న అణు ఒప్పందం మీద మన్మోహన్ సింగ్ బలపరీక్ష. బీజేపీ సభ్యులు నోట్ల కట్టలు తెచ్చి సభ మధ్యలో పరిచారు. చివరికి 275కి 256. అప్పటికి మునియప్ప రహదారులు, నౌకాయాన శాఖల సహాయ మంత్రి. పదేళ్ల తరవాత, 2018 జులై 20న తెలుగుదేశం పెట్టిన అవిశ్వాసం. పొరుగు చిత్తూరు జిల్లా వాడైన గల్లా జయదేవ్ చర్చ మొదలుపెట్టారు. కాంగ్రెస్ బలపరిచింది. అయినా 126 ఓట్లే వచ్చాయి, ఎదురు 325.

ఇవన్నీ లెక్క తేలిన ఓట్లు. కానీ వాటిలో సభ్యుడి సొంత మనసెంత? 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం పార్టీ జారీ చేసిన విప్ మీరితే పదవి ఊడుతుంది. కోలారు ఎంపీ అయినా, కాకినాడ ఎంపీ అయినా బటన్ రంగు పార్టీ ఆఫీసులోనే నిర్ణయమవుతుంది. వేలు మాత్రమే సభ్యుడిది.

అసలు లెక్కే లేని ఓట్లు ఇంకా ఎక్కువ. 2014 ఫిబ్రవరి 18 తెలుగువాళ్లెవరూ మరిచిపోలేని రోజు. రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో నెగ్గింది. టీవీ ప్రసారం ఆగిపోయింది. మూజువాణి ఓటుతో పని ముగిసింది. మునియప్ప అప్పటి మన్మోహన్ ప్రభుత్వంలో స్వతంత్ర హోదా సహాయ మంత్రి. ఆ రోజు ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేర్లవారీ జాబితా లేదు. ఒక రాష్ట్రం రెండైన ఘట్టానికి మిగిలిన సాక్ష్యం గొంతులే.

కోలారు రాసుకున్న పద్దు

ఢిల్లీ లెక్క అలా ఉంటే, ఊళ్లో పద్దు వేరే. మునియప్పను జనం బటన్లతో తూచలేదు. ‘మాకేం తెచ్చినావు?’ అన్న ప్రశ్నతో తూచారు.

మొదటి పద్దు గనిది. 1880లో జాన్ టేలర్ కంపెనీ తవ్వడం మొదలుపెట్టిన కేజీఎఫ్ గనులు చాంపియన్ రీఫ్ దగ్గర మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతుకు దిగాయి. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. తవ్వే ఖర్చు బంగారం ధరను మింగేశాక, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. అప్పుడు ఢిల్లీలో వాజ్‌పేయి ప్రభుత్వం, మునియప్ప ప్రతిపక్షం. సరే అనుకున్నారు జనం. 2004లో కాంగ్రెస్ కూటమి వచ్చింది, మునియప్ప మంత్రి అయ్యారు. పదేళ్లు గడిచాయి. గని తెరుచుకోలేదు. గాలి వీచినప్పుడల్లా సైనైడ్ దిబ్బల దుమ్ము ఇళ్ల మీద పడుతూనే ఉంది. గనివాళ్ల పిల్లలు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరుకు కూలికో, కొలువుకో పోతూనే ఉన్నారు.

రెండో పద్దు రైలుది. 2009లో రైల్వే సహాయ మంత్రి పదవి దక్కింది. కోలారు, చిక్కబళ్లాపురం మధ్య పాత చిన్న లైను బ్రాడ్‌గేజ్‌గా మారి 2013లో రైళ్లు నడిచాయి. అది జమ. శ్రీనివాసపురం దగ్గర రైలు పెట్టెల కర్మాగారం వస్తుందన్నారు. 2019 ఎన్నికల నాటికి ఒక్క పెట్టె కూడా తయారు కాలేదు. అది ఖర్చు.

మూడోది నీళ్లది. వెయ్యి అడుగులు దాటినా బోరులో తడి తగలని జిల్లా ఇది. 2018లో చెరువులకు నీళ్లొచ్చాయి. అవి బెంగళూరు మురుగును శుద్ధి చేసి కె.సి. వ్యాలీ పథకం కింద పంపిన నీళ్లు. పంపింది రాష్ట్ర ప్రభుత్వం.

ఎనిమిదో పోటీ

2019 ఏప్రిల్ 18న పోలింగ్. సొంత పార్టీ స్థానిక నేతలే ఆయనకు టికెట్ వద్దని ఎదురు తిరిగారు. బీజేపీ నిలబెట్టింది ఎస్. మునిస్వామిని, బెంగళూరు కార్పొరేటర్‌ని. మే 23న ఓట్లు లెక్కించారు. అయిదేళ్ల కిందట 47 వేల పైచిలుకు మెజారిటీ ఇచ్చిన కోలారు, ఈసారి 2 లక్షల 10 వేల ఓట్ల తేడాతో మునియప్పను ఓడించింది. ఇరవై ఎనిమిదేళ్ల పార్లమెంటు జీవితం ఒక్క మధ్యాహ్నంతో ముగిసింది.

రాజకీయం మాత్రం ముగియలేదు. 2023లో దేవనహళ్లి నుంచి శాసనసభకు గెలిచి కర్ణాటక ఆహార, పౌర సరఫరాల మంత్రి అయ్యారు. ఆయన కూతురు రూపకళ కేజీఎఫ్ శాసనసభ్యురాలు. 2024లో కోలారు ఎంపీ సీటు జేడీఎస్‌కు చెందిన మల్లేశ్ బాబుకు దక్కింది.

ఈ కథలో ఓటరు తీర్పును తప్పు పట్టలేం. ఎంపీ సభలో ఏం చేశాడో చూపించే పద్దు మన దగ్గర లేనప్పుడు, రైలూ నీళ్లూ గనీ చూసే జనం లెక్క కడతారు. అయితే చట్టాలు చేయడానికి పంపిన మనిషిని చట్టాల లెక్క అడగకపోవడం మన లోపమే. మూజువాణి ఓటుతో బిల్లు దాటించబోతుంటే, డివిజన్ కావాలని లేచి అడిగే హక్కు సభలో ఏ సభ్యుడికైనా ఉంది. డివిజన్ జరిగితే, విప్ ఉన్నా సరే, కనీసం ఓటు పేరుతో సహా నమోదవుతుంది. ఈసారి మీ వీధిలోకి ఓటు అడగడానికి వచ్చిన ఎంపీని రోడ్డు సంగతితో పాటు ఈ ఒక్కటీ అడగండి: అయిదేళ్లలో ఎన్నిసార్లు లేచి డివిజన్ అడిగారు?