కేంద్రకాంశం లేని కప్పపిల్లలు

1781లో ఫెలిచె ఫొంతానా అనే ఇటలీ శాస్త్రవేత్త పాముచేప చర్మం మీది జిగురును సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. అందులో కనబడ్డ గుండ్రటి ముద్దల నడుమ ఒక చుక్క గీసి చూపించాడు. 1830ల్లో వాగ్నర్, వాలెంటీన్ వంటివారు అదే చుక్కను అండాల్లో, నాడీకణాల్లో చూశారు. అదే నేడు మన పాఠ్యపుస్తకాల్లోని కేంద్రకాంశం. 1898లో మాంట్‌గోమరీ అప్పటిదాకా వచ్చిన వందలాది వర్ణనలను ఒకచోట చేర్చి పెద్ద సమీక్ష రాశాడు. అంతమంది అన్నేళ్లు చూసినా అది చేసే పనేమిటో తేలలేదు. నిల్వ సరుకన్నారు కొందరు, కణం మిగిల్చిన చెత్తన్నారు మరికొందరు.

మొదటి ఆధారం మొక్కజొన్నలో దొరికింది. ఆరో క్రోమోజోమ్ మీద ఒక నిర్ణీత స్థానంలోనే కేంద్రకాంశం ఏర్పడుతుందనీ, ఆ స్థానం రెండు ముక్కలైతే రెండు ముక్కల దగ్గరా ఒక్కోటి పుడుతుందనీ 1934లో బార్బరా మెక్లింటాక్ నిరూపించింది. మరికొన్నేళ్లకు బ్రస్సెల్స్‌లో బ్రాషె రంగులద్ది, స్టాక్‌హోమ్‌లో కాస్పర్సన్ అతినీలలోహిత కాంతితో కొలిచి, ఇద్దరూ ఒకే మాట చెప్పారు: ప్రోటీన్లు జోరుగా తయారయ్యే కణాల్లో ఆర్‌ఎన్‌ఏ మెండు, కేంద్రకాంశం నిండా అదే. 1955లో పలాడె ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసిన సన్నటి రేణువులకు 1958లో రైబోజోమ్‌లన్న పేరు వచ్చింది. ప్రోటీన్లు తయారయ్యేది వాటి మీదే. అవి ఎక్కడ పుడుతున్నాయన్నది మాత్రం అప్పటికింకా ప్రశ్నే.

జవాబు ఒక కప్ప దగ్గర దొరికింది. దక్షిణాఫ్రికా గోళ్ల కప్ప అప్పట్లో ఆస్పత్రుల్లో గర్భనిర్ధారణ పరీక్షకు వాడే జీవి, అందుకే ప్రయోగశాలల్లో తేలిగ్గా దొరికేది. మామూలుగా దాని కణాల్లో రెండు కేంద్రకాంశాలు ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఫిష్‌బర్గ్ బృందానికి ఒక్కటే ఉన్న కప్పలు కనిపించాయి, ఆ సంగతిని 1958లో ప్రకటించారు. అలాంటి ఆడ, మగ కప్పల్ని జతపరిస్తే సంతానంలో నాలుగో వంతుకు ఒక్కటీ ఉండదు. విడ్డూరమేమిటంటే అవి వెంటనే చచ్చిపోవు. గుడ్డులోంచి బయటికొస్తాయి, కొన్నాళ్లు ఈదుతాయి, మేత మొదలుపెట్టకముందే పోతాయి.

1964లో డోనాల్డ్ బ్రౌన్, జాన్ గర్డన్ వాటికి రేడియోధార్మిక గుర్తు వేసి కొత్తగా తయారయ్యే ఆర్‌ఎన్‌ఏను వెతికారు. మిగతా రకాలు ఉన్నాయి గానీ రైబోజోమ్‌లకు కావలసిన రెండు పెద్ద ఆర్‌ఎన్‌ఏలు లేవు. అంటే రైబోజోమ్‌లు పుట్టేది కేంద్రకాంశంలోనే. అన్నాళ్లూ ఆ పిల్లలు బతికింది తల్లి గుడ్డులో దాచి పెట్టిన రైబోజోమ్‌లతో. అమ్మ కట్టిచ్చిన సద్దిమూట అయిపోగానే కథ ముగిసింది. రెండేళ్లకు ఎడిన్‌బరోలో వాలెస్, బిర్న్‌స్టీల్ ఆ పిల్లల్లో అసలు ఆ రెండు ఆర్‌ఎన్‌ఏల జన్యువులే లేవని తేల్చారు. ఆ సద్దిమూట అంత పెద్దదెలా అయిందో కూడా 1968లో తెలిసింది. కప్ప అండం పెరిగేటప్పుడు ఆ జన్యువుల ప్రతులను విపరీతంగా పెంచుకుని, ఒక్క కేంద్రకంలోనే వెయ్యికి పైగా కేంద్రకాంశాలను నడుపుతుంది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అసలు మలుపు ఈ కప్పపిల్లలే. సూక్ష్మదర్శిని నూట ఎనభై ఏళ్లలో చెప్పలేకపోయినదాన్ని, ఆ చుక్క లేకపోవడం చెప్పింది.

రైబోజోమ్ ఆకృతి కథ వేరే వ్యాసమంత ఉంది. 2000లో స్టైట్జ్, యోనత్, చిదంబరంలో పుట్టిన వెంకి రామకృష్ణన్ బృందాలు దాన్ని అణువుల స్థాయిలో చూపాయి, 2009లో ఆ ముగ్గురికీ నోబెల్ వచ్చింది. ఇక్కడ తెలుగువాడి ప్రస్తావన ఒకటి తప్పదు. తొలి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్‌ను డగ్గర్ లెడర్లీ సంస్థలో కనుగొన్నప్పుడు అక్కడ పరిశోధనల అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు బాక్టీరియా రైబోజోమ్‌లో సరిగ్గా ఎక్కడ అతుక్కుంటుందో రామకృష్ణన్ బృందం చూపేసరికి అర్ధశతాబ్దం గడిచింది.

ఇక వ్యాధుల మాట. 1938లో బోస్టన్ వైద్యులు డైమండ్, బ్లాక్‌ఫాన్ పసిపిల్లల్లో ఒక రక్తహీనతను వర్ణించారు. ఎముక మజ్జలో ఎర్రకణాలు మాత్రమే తయారుకావు. 1999లో దానికి కారణంగా మొదట దొరికిన జన్యువు రైబోజోమ్ ప్రోటీన్ ఒకదానిది! ఆ ప్రోటీన్‌కు రక్తంలో వేరే పనేదో ఉండి ఉంటుందని మొదట కొందరు అనుకున్నారు. తర్వాత వరసగా మరెన్నో రైబోజోమ్ ప్రోటీన్ల జన్యువులు అదే జబ్బులో బయటపడ్డాక ఆ అనుమానం నిలవలేదు. ముఖ ఎముకలు సరిగా ఏర్పడని ట్రీచర్ కాలిన్స్ లోపానిదీ ఇదే దారి: 1996లో గుర్తించిన దాని జన్యువు తయారుచేసే ప్రోటీన్ పనిచేసేది కేంద్రకాంశంలోనే.

రైబోజోమ్‌లు ప్రతి కణానికీ కావాలి కదా, మరి ఒకచోట రక్తం, మరోచోట ముఖం మాత్రమే ఎందుకు దెబ్బతింటాయి? కొంత తెలిసింది. రైబోజోమ్ తయారీ ఆగిపోతే పనిలేక మిగిలిన రైబోజోమ్ ప్రోటీన్లు ఎండీఎం2 అనే మరో ప్రోటీన్‌ను పట్టేస్తాయి. దాని అదుపు తప్పిన పీ53 అనే ప్రోటీన్ పేరుకుని కణాన్ని చంపుతుంది. ముఖలోపమున్న ఎలుక పిండాల్లో పీ53ను అణిస్తే ముఖం చక్కగా ఏర్పడిందని 2008లో ట్రెయినర్ బృందం చూపింది. అయితే క్యాన్సర్‌ను అడ్డుకునేదీ ఆ పీ53యే కాబట్టి పిల్లలకు ఆ మార్గం పనికిరాదు. రక్తం విషయంలో 2014లో ఇంకో సూచన దొరికింది: రైబోజోమ్‌లు తగ్గితే ఎర్రకణాలకు కీలకమైన గాటా1 ప్రోటీన్ తయారీ ముందుగా దెబ్బతింటుంది. ఇది సగం జవాబే. డైమండ్-బ్లాక్‌ఫాన్ పిల్లలకు ఈనాటికీ ప్రధాన చికిత్స స్టెరాయిడ్లు, రక్తమార్పిడి, కుదిరితే మజ్జ మార్పిడి.