తెరమీది వెలుగు – ఇంటిలోని బొమ్మ

మంజీరా తీరమునగల మన బీర్కూరులో గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని మిత్రులు కోరిరి. నేను లెక్కలు వ్రాసి జీవించువాడను. జమయు ఖర్చును రెండును చూపనిదే నా మనస్సునకు తృప్తి యుండదు. నలుగురు కూడి చూచెడి సినిమాబొమ్మ ఎట్లు పెరిగినది, ఎట్లు మసకబారినది, ఇంటిలోని బొమ్మ దానిని ఎట్లు మించుచున్నది అను పద్దును ఇచట విప్పి చూపుదును.

తెలుగువారిలో ఈ విద్యకు ఆద్యుడు బందరున జన్మించిన రఘుపతి వెంకయ్యగారు. ఆయన ప్రదర్శనయంత్రమును వెంటగొని బర్మా, సింహళములవరకు సంచరించి బొమ్మలు చూపిరి. పిదప మద్రాసులో గెయిటీ మందిరమును నిర్మించిరి. 1921లో విజయవాడలో మారుతి సినిమా వెలసెను. 1932లో ‘భక్తప్రహ్లాద’తో బొమ్మ తెలుగున మాటలాడెను. 1963లో ‘లవకుశ’ సంపూర్ణవర్ణచిత్రముగా వచ్చెను. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో సినిమాస్కోపు, 1986లో ‘సింహాసనము’తో 70 మిల్లీమీటర్ల చిత్రము మనకు లభించెను. అమెరికాలో ఇండ్లలోనికి టెలివిజన్ రాగా ప్రేక్షకులు తగ్గిరి. వారిని మరల రప్పించుటకే అచట 1953లో సినిమాస్కోపు తెర విశాలమయ్యెను. ఇంటిలో దొరకనిది ఇచ్చినచోటికే జనము వచ్చునని ఆనాటి వ్యాపారులు గ్రహించిరి.

ఈ బొమ్మకు ప్రాణము వెలుగు. పూర్వము ప్రొజెక్టరులో రెండు కార్బను కడ్డీల కొనలనడుమ విద్యుజ్జ్వాల మండెడిది. ఆ కాంతి సెకనునకు 24 బొమ్మలవంతున కదలు ఫిల్ముగుండా తెరపై బడెడిది. కడ్డీలు కాలి తరుగుచుండగా వానిని సరియైన దూరమున నిలుపుట ఆపరేటరు విధి. అతడు ఏమరినచో తెర మసకబారెడిది. వెంటనే నేలతరగతివారు ఈలలు వేసెడివారు. ఆ ఈలయే ఆనాటి తనిఖీ!

అయినను పాతకాలమంతయు బంగారమని వ్రాసినచో అది దొంగలెక్క యగును. పట్టణములలో నూర్లకొలది ఆటలాడిన పిదపనే ప్రింటు పల్లెకు వచ్చెడిది. నా బాల్యమున డేరాలో చూచిన చిత్రములలో ఎండకాలపు దృశ్యమందును వాన కురియుచునే యుండెడిది. అవి అరిగిన ఫిల్ముపైని గీతలు. తెగిన రీలును అతికించునప్పుడు ఒక్కొక్కసారి పాట సగమే మిగిలెడిది. అయినను విడిచి రాలేదు. ఇంటిలో అంతకన్న మేలైన బొమ్మ లేకుండుటయే దానికి కారణము.

1982లో ఏషియా క్రీడల సందర్భమున మన దేశమున రంగుల టెలివిజన్ ప్రారంభమయ్యెను. అప్పటి ఇంటిబొమ్మ 625 గీతలది. వీడియో క్యాసెట్టులో స్పష్టత అంతకన్నను తక్కువ. నేడు సాధారణమైన హైడెఫినిషన్ తెరపైననే అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. సినిమాహాలులోని 2కె డిజిటల్ బొమ్మకు అడ్డముగా 2048, నిలువుగా 1080 చుక్కలు. అనగా చుక్కల లెక్కలో ఇల్లు హాలునకు ఇంచుమించు సరితూగినది.

డిజిటల్ పద్ధతివలన పల్లెలకును మేలు కలిగినది. ఫిల్ముపై గీతలు పోయినవి. పట్టణమున విడుదలయైన దినముననే చిన్న ఊరిలోను చిత్రమాడుచున్నది. ఇది జమ. ఖర్చు వెలుగువైపున నున్నది. డిజిటల్ తెరకు 14 ఫుట్‌లాంబర్టుల కాంతి యుండవలెనని ప్రమాణము. క్సెనాన్ దీపము వాడిన కొలది క్షీణించును. మార్చుట ఖరీదైన పని. కావున కొందరు కాలము మీరిననూ దానినే వాడుదురు. కొందరు విద్యుత్తు పొదుపునకై వెలుగు తగ్గింతురు. త్రీడీ కొరకు అమర్చిన సాధనమును మామూలు ఆటకు తీయకున్న సగమునకు మించిన కాంతి నశించును. తెరపై దుమ్ము పేరుకొన్నను ఇదే ఫలితము.

కొన్ని నెలల క్రిందట ఒక పట్టణపు హాలులో కుటుంబసమేతముగా చిత్రము చూచితిని. రాత్రి దృశ్యములలో నటుల ముఖములే కానరాలేదు. ఈల వేసినవారు లేరు. ఆపరేటరు గదిలో మనిషియే యున్నట్లు తోచలేదు. పిదప అదే చిత్రము మా ఇంటి టీవీలో రాగా మా అమ్మాయి, “నాన్నగారూ, ఆ చెట్టుక్రింద ఇంకొక మనిషి ఉన్నాడు! హాలులో మనకు కనబడనే లేదు” అనినది. టిక్కెట్టు సొమ్ము వ్యర్థమైనదను విచారముకన్న, ఇక మావాళ్లు హాలునకు రారను విచారము నన్ను బాధించినది. అట్లే అయినది.

పదిమంది ఒకేమారు నవ్వుట, తెలియనివాని ప్రక్కన కూర్చుండి కన్నీరు తుడుచుకొనుట ఇంటిలో దొరకునవి కావు. కాని ఆ పేరుచెప్పి మసకబొమ్మ చూపినచో జనము ఎన్నాళ్లు సహింతురు? ఇల్లు పట్టి కూర్చున్నవారిని నిందింపరాదు. దీపము మార్చనివారిదే దోషము.

పాఠకమహాశయులారా! ఈ పద్దు మన గ్రంథాలయమునకును వర్తించును. నేడు పుస్తకము చేతిఫోనులోనే లభించుచున్నది. మన బల్లపై దీపము మసకయై, బీరువాలో పుటలు చిరిగి, పత్రికలు ఆలస్యమైనచో, చందాదారులు రాలేదని మనము ఫిర్యాదు చేయతగదు. వచ్చెడి ఇరువదియైదేండ్లకు సంఘమువారికి నా విన్నపమొకటే: ప్రతి సంవత్సరము ఆదాయవ్యయములతోపాటు దీపమును, పుస్తకములను తనిఖీ చేయుడు. లోపము కనబడినచో పాఠకులు మొగమాటము విడిచి ఈల వేయుదురుగాక!