బందరు దారిలో రాతి వంతెన

మచిలీపట్నం (బందరు) ఒకప్పుడు ఎంత గొప్ప రేవో చెప్పే ఆనవాళ్లు మచిలీపట్నంలోనే తక్కువ. ఇది ఒండ్రు నేల, తవ్వితే రాయి తగలదు. కట్టినవాటిలో కొన్ని తుపాన్లకు పోయాయి, కొన్ని మేట కింద పడ్డాయి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. బందరుకోటలో మిగిలిన మొండిగోడలు చూసినవారికి ఇక్కడికి దేశదేశాల ఓడలు వచ్చేవంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఆ రేవును బతికించిన దారి అవతలి కొసన, హైదరాబాదులో, ఆనాటి కట్టడం ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. అది మూసీ మీది పురానాపూల్.

దాన్ని 1578లో కట్టించినవాడు గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా. తెలుగు కవులకు ఈయన మల్కిభరాముడు. యువకుడిగా ఉన్నప్పుడు ప్రాణభయంతో విజయనగరం చేరి, అళియ రామరాయల అండలో ఏడేళ్లు గడిపాడు. సింహాసనం ఎక్కాక తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఈయనకే అంకితమిచ్చాడు.

గోల్కొండ కోట మూసీకి ఉత్తరాన ఉంది. బందరుకు వెళ్లాలంటే నది దాటి తూర్పుకు తిరగాలి. వేసవిలో ఇసుక మీదుగా నడిచిపోవచ్చు గానీ, వానాకాలం మూసీ పొంగితే సరుకు బళ్లు గట్టునే ఆగిపోవలసిందే. రేవు సుంకం రాజ్యానికి ముఖ్య ఆదాయం. అలాంటి దారిని ఏటి దయకు వదిలేస్తే రాజ్యానికే నష్టం. ఇరవై రెండు కమానులతో, దాదాపు 600 అడుగుల పొడవున లేచిన ఆ వంతెన ఆ చిక్కు విడదీసింది.

కమాను పనితనం దగ్గరగా చూడదగ్గది. గచ్చు రాళ్ల సందులు పూడుస్తుంది. బరువు మోసేది మాత్రం రాళ్ల అమరికే. ఒక్కో రాయిని కింద సన్నంగా, పైన వెడల్పుగా చెక్కి, కర్రల చట్రం మీద రెండు వైపుల నుంచీ పేర్చుకొస్తారు. నడినెత్తిన చివరి రాయి బిగించి చట్రం తీసేస్తే రాళ్లన్నీ ఒకదాన్నొకటి నొక్కుకుని నిలబడతాయి. పైన బండి ఎక్కితే ఆ బరువు పక్కరాళ్ల మీదుగా స్తంభాల్లోకి, అక్కడి నుంచి నేలలోకి దిగిపోతుంది. నొక్కుడుకు రాయి బెదరదు. అందుకే ఎడ్లబళ్ల కోసం కట్టిన వంతెన మోటారు బళ్లను కూడా మోసింది.

వంతెన కట్టిన పదమూడేళ్లకు, 1591లో, మూసీకి దక్షిణాన చార్మినార్ లేచింది. గోల్కొండ నుంచి బందరుకు పోయే వర్తక మార్గం కూడలిలోనే దాన్ని కట్టారని చరిత్రకారుల మాట. అంటే హైదరాబాదు పుట్టింది బందరు దారి మీదే. పారశీక గుర్రాలు, తూర్పు దేశాల సుగంధద్రవ్యాలు రేవులో దిగేవి. మన కలంకారీ అద్దకాలు ఓడలెక్కి పర్షియాకు వెళ్లేవి. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఆ సరుకు కోసమే బందరులో కొట్లు తెరిచారు.

ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో బందరులో ఓడ దిగాడు. బంగాళాఖాతంలో ఇంత మంచి లంగరుచోటు లేదని రాశాడు. భాగ్యనగరం చేరినవాడు మూసీ వంతెనను చూసి, అందంలో ప్యారిస్‌లోని పోన్ నఫ్ వంతెనకు ఇది పెద్దగా తీసిపోదన్నాడు. సేన్ నది మీది పోన్ నఫ్‌కు శంకుస్థాపన జరిగింది కూడా 1578లోనే, మూడో హెన్రీ రాజు చేతుల మీదుగా. అది పూర్తయ్యేసరికి 1607 వచ్చింది. నేటికీ ప్యారిస్‌లో నిలిచి ఉన్న వంతెనల్లో అదే అతి పాతది. ఆ నగరం దాన్ని కంటికి రెప్పలా కాచుకుంటోంది.

మన వంతెన పడ్డ కష్టాలు తక్కువేమీ కావు. 1820 వరదలో దెబ్బతింటే నిజాం సికందర్ జా బాగు చేయించాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ వేల ప్రాణాలు తీసింది. దిగువ వంతెనలు దెబ్బతిన్నా పురానాపూల్ నిలిచింది. ఆ విషాదం తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఆ మూసీ నీరే దివిసీమ దాకా వస్తుంది.

ఇప్పుడు వాహనాలకు పక్కనే కొత్త వంతెన ఉంది. పాతదాని మీద కూరగాయల అంగడి సాగుతోంది. కొసనున్న దర్వాజా, పాత నగరపు కోటగోడకు మిగిలిన రెండు ద్వారాల్లో ఒకటి. అంగడి ఉండటంలో తప్పులేదు, నలుగురూ తిరిగే కట్టడమే బతుకుతుంది. కానీ రాళ్ల సందుల్లో మొక్కలు వేళ్లూనకుండా, కమానుల కింద చెత్త పేరుకోకుండా చూసే నాథుడు ఉండాలి.

బందరులో కొత్త ఓడరేవు పనులు సాగుతున్నాయి. పాత రేవు ఘనత గురించి సభల్లో చాలా చెబుతారు. మన బడిపిల్లలు హైదరాబాదు విహారయాత్రకు వెళితే చార్మినార్, గోల్కొండ చూసి తిరిగొస్తారు. ఆ రెంటినీ కలిపిన వంతెన దగ్గర కూడా బస్సు ఆపాలి. ‘ఇది మన ఊరి దారి’ అని పంతుళ్లు చెప్పాలి. ఆ మాట రాసిన పలక ఒకటి ఆ వంతెన మొదట్లో ఉండాలి.