కీళ్లనొప్పులకు విద్యున్నాడీ ప్రేరణము

చర్మముపై అంటించిన పట్టీల ద్వారా స్వల్ప విద్యుత్ప్రవాహమును నాడులకు పంపి, దీర్ఘకాలముగా పీడించు కీళ్లనొప్పిని తగ్గింపజూచు చికిత్సా విధానమిది. వైద్యులు దీనిని టెన్స్ అని వ్యవహరింతురు. రోగులు మాత్రము ‘కరెంటు పెట్టించుకొనుట’ అని ఊరకుందురు. వయసుతో కలుగు కీలు అరుగుదలకును, దేహరక్షణ వ్యవస్థ తన కీళ్లపైననే తిరుగబడుటచే కలుగు ఆమవాతమునకును ఇది వాడుకలో నున్నది. అరిగిన మృదులాస్థిని ఇది తిరిగి మొలిపింపదు, కీలులోని వాపును తీయదు. నొప్పి మెదడును చేరు మార్గమున మాత్రమే జోక్యము కల్పించుకొనును. ఈ భేదమును మరచుటచేతనే దీనిని గూర్చిన అత్యాశయు, అతినిరసనయు రెండును పుట్టినవని తోచుచున్నది.

విద్యుత్తుతో నొప్పిని మాన్పు యత్నము విద్యుత్తునకు పేరు పెట్టకమునుపే కలదు. క్రీ.శ. 47 ప్రాంతమున రోమను వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తన ఔషధ గ్రంథమున, పాదముల వాతనొప్పి గలవాడు తడిసిన సముద్రతీరమున సజీవమైన విద్యున్మత్స్యముపై కాలు మోపి, మోకాలివరకు తిమ్మిరెక్కునంత సేపు నిలువవలెనని విధించెను. టైబీరియస్ చక్రవర్తి దాస్యవిముక్తుడొకడు ఇట్లు స్వస్థుడైనట్లు ఆ గ్రంథమే చెప్పుచున్నది. అతడు పొరపాటున చేపను త్రొక్కుటచే ఈ గుణము బయటపడెనను కథ తరువాతివారి అలంకారము కావచ్చును. ప్రాచీన ఈజిప్టు సమాధి చిత్రములలో నైలునది విద్యున్మత్స్యము కనబడుటను బట్టి ఈ చికిత్సను ఇంకను రెండువేల యేండ్లకు పైగా వెనుకకు జరుపువారు కలరు. కాని ఆ చిత్రములు చేపలు పట్టు దృశ్యములే గాని వైద్యదృశ్యములు కావు గనుక, రోమను సాక్ష్యమునే ప్రథమముగా గ్రహించుట మేలు.

1745-46లో లైడెన్ జాడీ ఏర్పడిన పిమ్మట (దాని కర్తృత్వము క్లైస్టుదా, ముషెన్‌బ్రోక్‌దా యను వివాదము ప్రసిద్ధమే) యూరపునందు విద్యుద్వైద్యము వెల్లువయ్యెను. మెథడిస్టు సంప్రదాయ ప్రవర్తకుడు జాన్ వెస్లీ 1760 నాటిదిగా ముద్రితమైన తన పుస్తకమున కీళ్లవాతము మొదలగు పెక్కు రుగ్మతలకు దీనిని సిఫారసు చేసెను. ప్రచురణ 1759లోనే జరిగెనని కొందరందురు. ఇంతకంటె గమనింపదగినది బెంజమిన్ ఫ్రాంక్లిన్ మాట. పక్షవాత రోగులకు విద్యుద్ఘాతములిచ్చి చూచిన ఆయన, మొదటి కొలది దినములలో మేలు కనబడినను అది శాశ్వతముగా నిలిచిన సందర్భమును తానెరుగనని 1757లో తన వైద్యమిత్రుడు ప్రింగిల్‌కు వ్రాసెను. రోగము వేరైనను, తరువాతి రెండున్నర శతాబ్దుల పరిశోధన ఎదుర్కొన్న ప్రశ్న ఇందు ముందే సూచితమైనది. పందొమ్మిదవ శతాబ్దియందు దీనిని శాస్త్రీయముగా వాడినవారికంటె, విద్యుత్పట్టీలమ్మి గడించినవారే ఎక్కువ.

ఆధునిక చరిత్ర 1965 నవంబరునుండి లెక్కింపబడుచున్నది. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అను ఇరువురు ‘సైన్స్’ పత్రికయందు ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. వెన్నుపామునందు ఒక విధమైన ద్వారము కలదనియు, స్పర్శను మోయు లావైన నాడీతంతువులు చురుకైనపుడు ఆ ద్వారము మూతపడి, నొప్పిని మోయు సన్నని తంతువుల సందేశము పైకి పోవుట తగ్గుననియు వారి వాదము. దెబ్బ తగిలినచోట చేయి తనంతట తాను రుద్దుట ఎందులకో దీనివలన కొంత తెలియవచ్చును. సిద్ధాంతములోని వివరములు కొన్ని తరువాత సవరింపబడినను, దాని మూలసూత్రము నిలిచినది. 1967లో వాల్, శస్త్రవైద్యుడు విలియం స్వీట్‌తో కూడి, దానిని మనుష్యులపై పరీక్షించెను. చర్మమున తీవ్రమైన దీర్ఘకాలపు నొప్పి గల ఎనమండుగురు రోగుల నాడులకు సెకనునకు 100 స్పందనములు పంపగా, ప్రేరణము సాగుచున్నంతసేపు, తాకిన బాధించు చోట్ల నొప్పి పుట్టకుండెను. నాడీవ్యాధి గల నలుగురికి రెండు నిమిషముల ప్రేరణమునకే అరగంటకు పైగా ఉపశమనము నిలిచెను. ఆ రోగులెవ్వరును కీళ్లవాతము గలవారు కారని ఇచట చెప్పుకొనుట అవసరము. ఏలయన ఈ ఫలితమును మోకాలినొప్పికి అన్వయించుట పరీక్షకంటె ముందే జరిగిపోయినది.

చేతిలో ఇముడు యంత్రమునకు ఆద్యుడెవడను విషయమున ఏకాభిప్రాయము లేదు. అమెరికాయందు చార్లెస్ కెంట్ 1919లో పేటెంటు పొందిన బ్యాటరీ సాధనమును ముందుంచువారు కొందరు. 1967లో వెన్నుపాముపై ఎలక్ట్రోడులమర్చుట ఆరంభించిన నార్మన్ షీలీ, శస్త్రచికిత్సకు తగిన రోగులనెన్నుటకై చర్మముపై ప్రేరణమును ముందుగా ప్రయోగించెననియు, ఎన్నిక పరీక్షకే పెక్కుమంది తృప్తిపడుట చూచి అది స్వతంత్ర చికిత్సయైనదనియు చెప్పు వృత్తాంతమే సంగతముగా నున్నది. దేహమున ధరింపదగు ఆధునిక యంత్రమునకు పేటెంటు 1974లో వెలువడెను.

యంత్రము నిర్మాణమున సులభము. తొమ్మిది వోల్టుల బ్యాటరీగాని, చార్జి చేయు బ్యాటరీగాని కల చిన్న పెట్టె, రెండు లేక నాలుగు తీగలు, జిగురు పట్టీలు. వేసవిలో కరెంటు పోవు ఊళ్లలో గోడప్లగ్గుతో పనిలేకుండుట ఒక సౌకర్యము. సాధారణ పద్ధతిలో సెకనునకు 50 మొదలు 100కు పైబడిన స్పందనములను, నొప్పి పుట్టని చిమచిమ మాత్రమే తెలియునట్లు ఇత్తురు. రెండవదైన ఆక్యుపంక్చరు తరహా పద్ధతిలో సెకనునకు రెండు నుండి నాలుగు స్పందనములను, కండరము అదరునంత బలముగా ఇత్తురు. దేహము తానే స్రవించు నొప్పినివారక ద్రవ్యములకు ఈ రెంటను పాత్ర కలదనియు, తక్కువ, హెచ్చు వేగములు వేర్వేరు గ్రాహకములను కదలించుననియు జంతుపరీక్షలు సూచించినవి. ప్రతిదినము ఒకే మోతాదున వాడినచో దేహము అలవాటుపడి గుణము తగ్గుటయు ఉన్నదే. ఫిజియోథెరపీ గదులలో దీని ప్రక్కననే కనబడు ఐ.ఎఫ్.టి. యంత్రము వేరు; అందు రెండు మధ్యమ వేగ ప్రవాహములను ఒకదానితో నొకటి కలియజేయుదురు.

ఇక ఫలము. ఇచట సాక్ష్యము ఒక దారిన నడువలేదు. మోకాలి అరుగుదలపై వైద్యపరీక్షలను క్రోడీకరించు కొక్రేన్ సంస్థ 2000 నాటి సమీక్ష ఏడు పరీక్షలను కూర్చి, టెన్స్ మేలు చేయుచున్నట్లు పలికెను. 2009లో అదే సంస్థ 18 చిన్న పరీక్షలను, 813 మంది రోగులను పరిశీలించి, పరీక్షల నాణ్యత చాలనందున మేలు కలుగునని ధ్రువీకరింపజాలమనెను. చిన్న పరీక్షలు గుణమును పెద్దదిచేసి చూపుట వైద్యమున అరుదు కాదు. 2022లో వెలువడిన స్విట్జర్లాండు పరీక్షలో 220 మంది మోకాలి రోగులలో అసలు యంత్రము వాడినవారికిని, ప్రవాహము లేని నకిలీ యంత్రము వాడినవారికిని చెప్పుకోదగిన భేదము కానరాలేదు. అమెరికా కీళ్లవైద్యుల సంఘము 2019 నాటి మార్గదర్శకములలో మోకాలు, తుంటి అరుగుదలకు దీనిని గట్టిగా వలదనెను. ఇంగ్లండు జాతీయ వైద్యప్రమాణ సంస్థయు 2022లో వలదనినది.

కాని అదే 2022లో, అన్ని రకముల నొప్పులను కలుపుకొని 381 పరీక్షలను కూర్చిన సమీక్ష మరియొకటి వెలువడెను. ప్రేరణము సాగుచుండగా, లేక ఆగిన వెంటనే, నకిలీదానికంటె నొప్పి తగ్గుచున్నట్లు అది తేల్చెను. స్విట్జర్లాండు పరీక్షయు, ఈ సమీక్షయు పరస్పర విరుద్ధములని తోచినను, కొలిచిన కాలము వేరగుట గమనింపవలెను: ఒకరు వారముల పిమ్మట అడిగిరి, ఒకరు తీగలుండగానే అడిగిరి. ఆమవాతము విషయమున 2003 నాటి సమీక్షకు లభించినవి మూడు పరీక్షలు, 78 మంది రోగులు మాత్రమే. అందు చేతినొప్పికి ఆక్యుపంక్చరు తరహా ప్రేరణము మేలనిపించినను, ఇంత స్వల్పాధారముపై నిర్ణయము చేయరాదు. ఈ వ్యాసకర్త అభిప్రాయమున, గంటసేపు నొప్పి తగ్గి ఆ గంటలో నడకయో, తొడకండరముల వ్యాయామమో సాధ్యమైనచో యంత్రము కొంత పనికివచ్చినట్లే. పడుకొని పెట్టించుకొని వచ్చుటతో సరిపెట్టినచో దానివలన మిగులునది స్వల్పము.

రాయలసీమయందు కుందూనది పరీవాహకమునందలి కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతములకు ఈ విషయము దూరమైనది కాదు. నల్లరేగడి చేలలో కలుపు తీయుట, శనగ పీకుట గొంతుకూర్చుండి చేయు పనులు. ఆళ్లగడ్డ శిల్పులు దినమంతయు రాతిముందర కూర్చుండి ఉలి పట్టుదురు. బనగానపల్లె, బేతంచెర్ల వైపు నాపరాళ్ల గనుల బరువులు వేరు. చిరకాలము గొంతుకూర్చుండుటకును మోకాలి అరుగుదలకును సంబంధము కలదని ఇతర దేశముల పరిశీలనలు తెలుపుచున్నవి. ఎగువ అహోబిలము మెట్లయొద్ద తన మోకాలి సంగతి తెలిసికొను యాత్రికుడు క్రొత్తవాడు కాడు.

తెలుగునాట కీళ్లనొప్పికి మరియొక కారణమును విస్మరింపరాదు: త్రాగునీటిలోని ఫ్లోరైడు. 1937లో షార్ట్ ప్రభృతులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లానుండి ఎముకల ఫ్లోరోసిస్‌ను వర్ణించిరి. 1955లో సిద్దీఖీ నల్లగొండ రోగులను గూర్చి వ్రాసెను. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి నల్లగొండ ప్రాంతమున మోకాళ్లు ఒకదానితో నొకటి ఒరయునట్లు లోనికి వంగు ముట్టికాళ్లను ప్రకటించిరి. తొలిదశలో ఇది కీళ్లవాతమువలెనే కనబడును. ముదిరినచో పెరిగిన ఎముక వెన్నుపామును ఒత్తి కాళ్ల స్పర్శను హరించును. అట్టివానికి పట్టీలంటించుట ఎట్లు నిష్ప్రయోజనమో అట్లే ప్రమాదకరము. కావున కారణ నిర్ణయము ముందు, తీగలు తరువాత. అందులకు కర్నూలునందు 1956లో స్థాపితమైన వైద్యకళాశాల ఆసుపత్రియు, 2023లో వైద్యకళాశాల వచ్చిన నంద్యాలయు ఈ సీమకు దగ్గర.

గుండెకు పేస్‌మేకరు గలవారు హృద్రోగ వైద్యుని అనుమతి లేక దీనిని వాడరాదు. మెడ ముందుభాగమున, పుండుపడిన చర్మమున, గర్భిణుల పొత్తికడుపున పట్టీలు పెట్టరాదు. మధుమేహముచేతగాని, కుష్ఠుచేతగాని స్పర్శ తగ్గినవారికి చర్మము కాలినను తెలియదు. యంత్రము కొనదలచినవారు ఒకటి రెండు వారములు ఫిజియోథెరపిస్టు ఎదుట వాడి చూచి, నడకలో మార్పు కనబడినచో మాత్రమే కొనుడు. కనబడనిచో ఆ సొమ్ము ఉంచుకొని వ్యాయామమును మానకుడు.