నెమ్మది పరుగుకీ ఒక చరిత్ర ఉంది



కానిస్టేబుల్ ఉద్యోగానికనో, ఆర్మీకనో, ఊరికే ఒంటికి మంచిదనో మనలో చాలామంది తెల్లారకముందే పరుగు మొదలుపెడతాం. ద్రాక్షారామం, రామచంద్రపురం వైపు చదువుకునే మనోళ్లకి కాలవ గట్లున్నాయి, ఏజెన్సీలో ఉన్నవాళ్లకి కొండదారులున్నాయి. ఎక్కడైనా జరిగేది మాత్రం ఒకటే. రోజూ ఉన్న బలమంతా పెట్టి ఉరుకుతాం, కొన్ని వారాలకే కాలినొప్పితో కూర్చుంటాం. పైగా "ఆదివాసీలకి పరుగు పుట్టుకతోనే వస్తుంది" అని పొగుడుతారు. ఆ పొగడ్తతో మనకి నష్టమే. పుట్టుకతో వచ్చేదాన్ని ఎవరూ నేర్పరు కదా! పరుగు నేర్చుకోవాల్సిన విద్య. ప్రపంచం కూడా దాన్ని మెల్లగానే నేర్చుకుంది.

1920లలో ఫిన్లాండ్‌కి చెందిన పావో నుర్మి చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని, తన వేగాన్ని తానే చూసుకుంటూ పరుగెత్తేవాడు. తొమ్మిది ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. 1930లలో స్వీడన్ కోచ్ గోస్టా హోల్మెర్ కాసేపు జోరుగా, కాసేపు మెల్లగా పరుగెత్తే 'ఫార్ట్‌లెక్' పద్ధతి తెచ్చాడు. ఆ మాటకి అర్థం వేగంతో ఆట. చెకోస్లొవేకియా వీరుడు ఎమిల్ జటోపెక్ 400 మీటర్లు జోరుగా, మధ్యలో కాస్త మెల్లగా, మళ్లీ జోరుగా సాధన చేసి 1952 హెల్సింకిలో మూడు స్వర్ణాలు కొట్టాడు.

అసలు మలుపు న్యూజిలాండ్‌లో వచ్చింది. ఆర్థర్ లిడియార్డ్ బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. 800 మీటర్లు పరుగెత్తే పీటర్ స్నెల్ చేత కూడా వారానికి 160 కిలోమీటర్ల దాకా, కొండలెక్కిస్తూ పరుగెత్తించాడు. 1960 రోమ్‌లో స్నెల్‌కి స్వర్ణం వచ్చింది. తర్వాత లిడియార్డ్ మామూలు జనాన్నీ, గుండె జబ్బు వచ్చినవాళ్లనీ పరుగులోకి దింపాడు. వాళ్లకి చెప్పింది ఒక్కటే: పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగం చాలు.

మన రాష్ట్రంలో కానిస్టేబుల్ పరీక్షకి 1600 మీటర్లు అబ్బాయిలు 8 నిమిషాల్లో, అమ్మాయిలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచెయ్యాలి. 8 నిమిషాలంటే 400 మీటర్లకి 2 నిమిషాలు. ఆ లెక్కలో ఉన్నవాళ్లు వారంలో ఎక్కువ రోజులు కిలోమీటరుకి ఏడు నిమిషాల చొప్పున, మాట్లాడుకుంటూ పరుగెత్తితే సరిపోతుంది. ఒకరోజు 15, 20 నిమిషాలు మధ్య వేగం, అంటే రెండు మూడు మాటలే పలకగలిగేంత. ఇంకోరోజు 400 మీటర్లు 1 నిమిషం 50 సెకన్లలో, ఐదారుసార్లు, మధ్యలో నడక. ఒకరోజు పూర్తి విశ్రాంతి. కాలవ గట్టు చదునుగా ఉంటుంది కాబట్టి గడియారం చూసుకోండి. కొండదారిలో ఊపిరిని నమ్ముకోండి, అక్కడ గడియారం లెక్క తప్పుతుంది.

నాసిక్ జిల్లా సావర్‌పాడా అనే ఆదివాసీ పల్లె నుంచి వచ్చిన కవితా రౌత్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్లలో కాంస్యం గెలిచింది. ఆ పతకం వెనక కొండగాలి ఒక్కటే లేదు, ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంది.

మెల్లగా పరుగెత్తే తమ్ముణ్ణి, చెల్లిని చూసి ఎవరూ నవ్వొద్దు. సెలక్షన్ రోజుకి కాళ్లు మిగుల్చుకునేది వాళ్లే.